పెరటిలో ఎడారి తాబేలు

తాబేలు అనగనే తెలుగువారికి చెరువుగట్టు, దిగుడుబావి, వాగులోని మడుగు జ్ఞప్తికి వచ్చును. నీటిని శుభ్రముగా ఉంచునను నమ్మకముతో పల్లెలలో బావులయందు తాబేళ్ళను వదలుట చాలమంది ఎరిగినదే. కాని తాబేళ్ళన్నియు నీటిని ఆశ్రయించి బ్రతుకునవి కావు. పుట్టినది మొదలు చెరువును గాని ఏటిని గాని ఎరుగక, ఏడాదికి 10 నుండి 20 సెంటీమీటర్ల వాన మాత్రమే కురియు నేలమీద 50 సంవత్సరములకు పైగా జీవించు తాబేళ్ళు కూడ కలవు. అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరృతి భాగమున నున్న ఎడారి తాబేలు అట్టిది.

కాలిఫోర్నియా, నెవడా, ఆరిజోనా రాష్ట్రములలో అనేక గృహముల పెరళ్ళయందు ఈ తాబేలు పెంపుడు జంతువుగా నున్నది. కొన్ని కుటుంబములలో తాత పెంచిన తాబేటిని మనుమడు పెంచుచుండును. చూపునకు ఇంత సాధువైన జంతువు మరియొకటి లేదు. అది మొరగదు, ఇల్లు పాడుచేయదు, వీధిన పడి పరుగెత్తదు. గడ్డి మేసి, ఎండ కాచుకొని, తన బొరియలో తాను పడియుండును. అందుచేత దీనిని పెంచుట మిక్కిలి సులభమని తోచును.

ఆ తలంపులోనే చిక్కున్నది. ఈ జంతువునకు మనుష్యుడు దయతో చేయు పనులే తరచు కీడు చేయును. అరచేతిలోనికి ఎత్తుకొని ముద్దు చేయుట, కడుపునిండ తీపి పండ్లు పెట్టుట, చలికాలమున వెచ్చని గదిలో ఉంచుట, ఒంటరిదని జాలిపడి మరియొక తాబేటిని జతచేయుట, తుదకు స్వేచ్ఛనిచ్చుచున్నా మనుకొని ఎడారిలో విడిచిపెట్టుట: ఈ అయిదును మనకు దయగా కనిపించును, తాబేటికి మాత్రము అపకారములు. అవి ఏల అపకారములో తెలియవలెనన్న, ముందుగా ఆ జంతువు ఎడారిలో ఎట్లు బ్రతుకుచున్నదో తెలిసికొనవలెను.

ఎడారిలో దాని బ్రతుకు

ఎడారి తాబేటిని 1861లో జేమ్స్ గ్రాహమ్ కూపర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు మొదటిసారి శాస్త్రీయముగా వర్ణించి, స్విట్జర్లాండున పుట్టి అమెరికాలో స్థిరపడిన జంతుశాస్త్రజ్ఞుడగు లూయీ అగాసీ పేరు దానికి పెట్టెను. నేడు దాని శాస్త్రీయ నామము గోఫెరస్ అగాసిజీ. ఈ ప్రాంతపు ఎడారి తాబేళ్ళన్నియు ఒకే జాతి యని చాలకాలము భావించిరి. కొలరాడో నదికి తూర్పున, దక్షిణమున సోనోరా ఎడారిలో నున్నవి వేరొక జాతి యని 2011లో నిర్ణయమై, వాటికి గోఫెరస్ మొరఫ్కై అను పేరు వచ్చినది. నదికి పడమటను ఉత్తరమునను మొహావీ ఎడారిలో నున్నవాటికి పాత పేరే నిలిచినది. మెక్సికోలో ముళ్ళపొదల అడవులయందున్న తాబేళ్ళను 2016లో మూడవ జాతిగా గుర్తించిరి. పెంపకమునకు సంబంధించిన ముఖ్య విషయములు మొదటి రెండు జాతులకును ఇంచుమించు సమానమే.

బాగుగా ఎదిగిన తాబేటి పై డిప్ప 20 నుండి 38 సెంటీమీటర్ల పొడవుండును. బరువు సాధారణముగా 4 నుండి 7 కిలోగ్రాములు. వెనుక కాళ్ళు ఏనుగు కాళ్ళవలె స్తంభాకారముగా నుండును. ముందు కాళ్ళు పారవలె చదునుగా, గట్టి పొలుసులతో కప్పబడి, నేల త్రవ్వుటకు అనువుగా నుండును. ఈ త్రవ్వకమే దాని ప్రాణరక్షణ మంత్రము.

వేసవిలో మొహావీ ఎడారి నేల పైపొర 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగును. తాబేలు శీతల రక్త జంతువు. మనవలె దానికి చెమట పట్టదు. శరీరములో స్వంత వేడిని పుట్టించి నిలుపుకొనగల శక్తియు లేదు. చుట్టునున్న గాలి, నేల ఎంత వేడెక్కిన దాని ఒడలు నంత వేడెక్కును. దేహపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన ప్రాణాపాయము సమీపించినట్లే. కనుక అది నేలలో ఏటవాలుగా బొరియ త్రవ్వుకొని అందు దాగును. ఎడారి తాబేలు తన జీవితకాలములో నూటికి 95 వంతులు బొరియలలోనే గడపునని అంచనా. బొరియలో పగటి ఎండ సోకదు, రాత్రి చలి బాధింపదు, గాలిలో కొంత తేమయు నిలిచియుండును.

నేల లోపలి ఈ చల్లదనమును ఉన్నత పాఠశాల విద్యార్థులు స్వయముగా కొలిచి చూడవచ్చును. వేసవి దినములలో పాఠశాల ఆవరణలో అర మీటరు లోతు గొయ్యి త్రవ్వి, దాని అడుగున ఒక ఉష్ణమాపకమును ఉంచి, గొయ్యి నోటిని పలకతో మూయవలెను. మరియొక ఉష్ణమాపకపు బుడ్డిని పైనేలలో కొద్దిగా మట్టి కప్పి ఉంచవలెను. ఉదయము నుండి సాయంకాలము వరకు గంటకొకసారి రెండు అంకెలను వ్రాసికొని రేఖాపటము గీసినచో, పైనేల రేఖ కొండవలె లేచి దిగును. గొయ్యిలోని రేఖ చాల తక్కువగా మారును. తాబేలు ఏ రేఖను అనుసరించి బ్రతుకునో పటమే చెప్పును.

నీటి విషయములో దాని ఏర్పాటు మరింత విచిత్రమైనది. వాన కురిసినపుడు తాబేలు బొరియనుండి వెలికి వచ్చి, కొన్నిసార్లు నేలలో తానే పల్లమును త్రవ్వి, అందు నిలిచిన నీటిని కడుపార త్రాగును. ఆ నీటిలో అధిక భాగము మూత్రాశయమున నిలువయుండును. మూత్రాశయములోని నీరును, వ్యర్థ పదార్థములును కలిసి శరీరపు బరువులో 40 శాతము వరకు ఉండగలవు. వాన లేని నెలలలో ఆ నీటినే శరీరము తిరిగి పీల్చుకొని వాడుకొనును. మనము యూరియా రూపమున విసర్జించు నత్రజని వ్యర్థములను తాబేలు ముఖ్యముగా యూరిక్ ఆమ్లపు లవణములుగా మార్చి, సున్నము ముద్దవంటి తెల్లని పదార్థముగా విసర్జించును. ఆ పదార్థము నీటిలో కరుగదు కనుక దానిని వెలికి పంపుటకు ఎక్కువ నీరు ఖర్చు కాదు.

ఇపుడు మొదటి దయను పరిశీలింపవచ్చును. తాబేటిని అకస్మాత్తుగా పైకెత్తిన అది భయపడి మూత్రాశయమును ఖాళీ చేయును. చూచువారికి అది చేతులు తడిసిన చిన్న సంగతి. తాబేటికి అది రాబోవు నెలలకు దాచుకొన్న నీరు. ఎడారిలో బాటసారులు వేడుకకు ఎత్తిచూచి దింపిన తాబేలు మరల వాన కురియువరకు దాహముతో కష్టపడవలసివచ్చును. కొన్ని ప్రాణములు కోల్పోవుటయు కలదు. పెరటిలో మరల నీరు పోయువారున్నను, అవసరము లేనిదే దానిని ఎత్తకుండుటే మంచిది. ఎత్తక తప్పనపుడు రెండు చేతులతో నేలకు సమాంతరముగా, మెల్లగా ఎత్తవలెను.

చట్టము ఏమి చెప్పును

1972లో కాలిఫోర్నియా ఈ తాబేటిని తన రాష్ట్ర సరీసృపముగా ప్రకటించినది. అయినను అడవిలో దాని సంఖ్య తగ్గుచునే వచ్చెను. రహదారులు, పట్టణముల విస్తరణ, పశువుల మేపు, ఎడారిలో మోటారు వాహనముల విహారము, విదేశీ గడ్డి పెరిగి అంటుకొను కార్చిచ్చులు, మనుష్యుల చెత్త తిని విస్తరించిన కాకి జాతి పక్షులు దీనికి కారణములు. 1990లో మొహావీ తాబేటిని ఫెడరల్ చట్టము క్రింద ఆపదకు గురియగు జాతిగా చేర్చిరి. 2004 నుండి 2014 వరకు సంరక్షిత ప్రాంతములలో జరిపిన లెక్కలనుబట్టి పెద్ద తాబేళ్ళ సంఖ్య దాదాపు మూడవవంతు తగ్గినది. 2024లో కాలిఫోర్నియా దీనిని అంతరించిపోవు ప్రమాదమున నున్న జాతిగా నిర్ణయించినది.

కావున ఎడారిలో కనబడిన తాబేటిని ఇంటికి తెచ్చుట నేరము. అమ్ముట, కొనుట కూడ నేరమే. పెరళ్ళలో నున్నవి చాలవరకు ఈ చట్టములకు పూర్వమే ఇండ్లకు చేరినవి, లేదా వాటి సంతతి. పెంచువారు చనిపోయినను, ఊరు మారినను అట్టి తాబేళ్ళను ప్రభుత్వ శాఖల ద్వారమునను, 1964లో ఏర్పడిన కాలిఫోర్నియా తాబేళ్ళ సంఘము వంటి సంస్థల ద్వారమునను దత్తత ఇచ్చుచుందురు. కాలిఫోర్నియాలో పెంచువారు రాష్ట్ర వన్యప్రాణి శాఖ అనుమతి పొందవలెను. నెవడాలో 2013 మే నుండి క్రొత్తగా తీసికొనువారికి ఒక్కొక్కరికి ఒక్క తాబేటినే అనుమతించుచున్నారు. ఒక రాష్ట్రపు తాబేటిని అనుమతి లేక మరియొక రాష్ట్రమునకు తీసికొనిపోరాదు.

నివాసము

ఎడారి తాబేటిని ఇంటిలో గాజుపెట్టెయందు పెంచుట తగదు. దానికి నడుచుటకు నేల, కాచుకొనుటకు ఎండ, దాగుటకు నీడ కావలెను. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు చర్మముపై పడినపుడే దాని శరీరమున డి విటమిన్ తయారగును. కిటికీ గాజు ఆ కిరణములను చాలవరకు అడ్డగించును. కనుక గదిలో కిటికీ ప్రక్కన ఉంచినంత మాత్రమున ఎండ తగిలినట్లు కాదు.

పెరటికి చుట్టును ఆవలి వైపు కనబడని గట్టి గోడ గాని, చెక్క దడి గాని ఉండవలెను. తీగ అల్లిక దడి పనికిరాదు. ఆవలి నేల కనబడినంత కాలము తాబేలు దానివెంట ఇటునటు తిరుగుచు, తల దూర్చుచు గాయపడును. ఇది త్రవ్వు జంతువు కనుక దడి అడుగుభాగము కొంత నేలలోనికి దిగియుండవలెను. ఈత కొలనున్న ఇండ్లలో దానిచుట్టును అడ్డు కట్టవలెను. ఈ తాబేలు ఈదలేదు, నీట పడిన మునిగి చచ్చును. కుక్కలను దగ్గరకు రానీయరాదు. ఎంత మచ్చికైన కుక్కయైనను తాబేటి డిప్పను ఎముకవలె కొరుకుట కద్దు. డిప్ప నిర్జీవమైన పెంకు కాదు. అది వెన్నెముకతోను ప్రక్కటెముకలతోను కలిసిపోయిన ఎముక. దానికి రక్తప్రసారము, స్పర్శజ్ఞానము కలవు. అందుచేతనే డిప్పకు రంధ్రము చేసి త్రాడు కట్టుట క్రూరము. రంగులు పూయుట హానికరము.

అన్నిటికంటె ముఖ్యము బొరియ. పెరటిలో ఎత్తైన చోట, వాననీరు చొరబడని విధముగా, ఏటవాలుగా గొయ్యి త్రవ్వి, ప్రక్కలకు ఇటుకలు గాని సిమెంటు దిమ్మెలు గాని పేర్చి, పైన గట్టి కప్పు వేసి, దానిమీద మట్టిని దట్టముగా పోయవలెను. కప్పు మీది మట్టి ఎంత మందమైన లోపల అంత చల్లగా నుండును. తాబేలు లోపల తిరుగుటకు చాలినంత వెడల్పుండవలెను. పలుచని రేకు డబ్బాను గాని, కుక్కగూటిని గాని నేలపై పెట్టి బొరియ అనుకొనరాదు. వేసవి మధ్యాహ్నమున అది పొయ్యిగా మారును.

నీరు, ఆహారము

ఎడారి జంతువు కదా యని నీరు పెట్టకుండుట పొరపాటు. తాబేలు ఎక్కి దిగగల లోతులేని పళ్ళెమును నేలమట్టమునకు అమర్చి నీరు పోయవలెను. చిన్నపిల్లలు త్వరగా ఎండిపోవును గాన వారమునకు ఒకటి రెండుసార్లు గడ్డము మునుగనంత లోతు నీటిలో కొంతసేపు ఉంచవలెను.

ఆహారమునందు రెండవ దయ ఎదురగును. ఎడారి తాబేలు శాకాహారి. వసంతకాలమున ఎడారిలో మొలచు అల్పాయుష్షు మొక్కలు, వాటి పూలు, గడ్డి, నాగజెముడు జాతి మొక్కల మట్టలు, పూలు దాని సహజాహారము. ఇవి పీచు ఎక్కువగాను, మాంసకృత్తులు, చక్కెర తక్కువగాను ఉండు పదార్థములు. వాటిని మెల్లమెల్లగా పులియబెట్టి జీర్ణము చేయు సూక్ష్మజీవులు తాబేటి ప్రేగులలో నుండును. అరటిపండు, పుచ్చకాయ వంటి తీపి పదార్థములు పెట్టిన ఆ సూక్ష్మజీవుల సమతూకము చెడి విరేచనములు పట్టుకొనును. కుక్కకు పెట్టు తిండి, మాంసము, రొట్టె, జున్ను మున్నగునవి మూత్రపిండములకు భారము. దుకాణములలో దొరకు లేత ఆకుకోసులో నీరే గాని సారము లేదు.

కాల్షియము సంగతి ప్రత్యేకముగా గమనింపవలెను. ఎముకల గూటిని వీపున మోయు జంతువునకు కాల్షియము ఎంత కావలెనో చెప్పనక్కరలేదు. ఆహారములో భాస్వరము కంటె కాల్షియము ఎక్కువగా నుండవలెను. అది లోపించినను, ఎండ లేక డి విటమిన్ లోపించినను, ఎదుగు పిల్లల డిప్ప మెత్తబడి వంకరలు తిరుగును. కాళ్ళు దేహమును మోయలేవు. ఈ వికారము ఒకసారి ఏర్పడిన పూర్తిగా సరిదిద్దుట సాధ్యము కాదు.

తెలుగువారు ఎరిగిన మొక్కలలోనే ఈ తాబేటికి తగిన మేత చాల కలదు. గరిక గడ్డి, మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు, ద్రాక్ష ఆకులు, ముళ్ళు తీసిన నాగజెముడు మట్టలు అమెరికాలో పెంచువారు పెట్టుచుందురు. నాగజెముడు అసలు అమెరికా ఖండమునుండియే మన దేశమునకు వచ్చినది. అట్లే మనము ఎరిగిన గన్నేరు అచ్చటి పెరళ్ళలోను అందమునకు పెంచబడుచున్నది; అది తాబేటికి విషము. ఉమ్మెత్తయు అట్టిదే. పురుగుమందులు చల్లిన గడ్డిని మేయనీయరాదు. అన్నిటికంటె మేలైన పద్ధతి, తినదగిన మొక్కలనే పెరటిలో నాటి, తాబేలు తానే నడచి మేయునట్లు చేయుట.

చలికాలపు నిద్ర

ఎడారిలో వేసవి ఎంత తీవ్రమో శీతకాలమును అంత తీవ్రమే. అక్టోబరు, నవంబరు నెలలలో పగళ్ళు కురుచయై, రాత్రులు చల్లబడగా తాబేలు మేత తగ్గించి, బొరియలోపలికి చేరి, మార్చి ఏప్రిల్ వరకు కదలక పడియుండును. ఆ కాలమున గుండె కొట్టుకొనుట, శ్వాస మిక్కిలి మందగించును. శరీరములోని క్రొవ్వు, నీరు బహు పొదుపుగా ఖర్చగును.

ఈ నిద్రను చూచి కొందరు తాబేలు చనిపోయినదని భయపడుదురు. మరికొందరు చలికి జాలిపడి వెచ్చని గదిలోనికి తెత్తురు. ఇది మూడవ దయ. అరకొర వెచ్చదనములో తాబేలు నిద్రపోలేదు, మేయనులేదు. మెలకువలో శరీరము ఇంధనమును ఖర్చుచేయుచుండును. కడుపులోనికి క్రొత్త ఇంధనము చేరదు. నెలలు గడచుకొలది అది క్షీణించిపోవును. ఆరోగ్యముగా నున్న తాబేటిని 4 నుండి 13 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య, నీరు గడ్డకట్టని చోట, చీకటిలో, పొడిగా నిద్రపోనీయవలెను. బొరియ సరిపోనిచో కాగితపు ముక్కలు నింపిన పెట్టెలో పెట్టి, ఎలుకలు, మోటారు పొగ చేరని చల్లని గదిలో ఉంచవచ్చును.

నిద్రకు ముందు కొన్ని వారములు మేత ఆపి, నీరు మాత్రము ఇచ్చుచుండవలెను. చలిలో జీర్ణక్రియ నిలిచిపోవును గాన ప్రేగులలో మిగిలిన మేత కుళ్ళి ప్రమాదము తెచ్చును. చిక్కిపోయినవి, ముక్కు కారుచున్నవి, గాయపడినవి నిద్రించుటకు తగవు. వాటిని పశువైద్యునికి చూపి, ఆయన సలహాపై పూర్తి వెచ్చదనము, వెలుతురు కల్పించి మేపవలెను. వసంతమున మేల్కొనగానే గోరువెచ్చని నీటిలో కొంతసేపు నిలుపవలెను. అది నీరు త్రాగి, తెల్లని వ్యర్థమును విసర్జించి, కొలది దినములలో మేతకు దిగును.

రోగము, జత, సంతానము

ఎడారి తాబేళ్ళకు వచ్చు రోగములలో ముఖ్యమైనది శ్వాసకోశ వ్యాధి. మైకోప్లాస్మా అగాసిజీ అను సూక్ష్మజీవి దీనికి ఒక కారణమని 1994లో రుజువైనది. ముక్కునుండి చీమిడి కారుట, కనురెప్పలు వాచుట, గురక, మేత మానుట దీని లక్షణములు. మందులవలన లక్షణములు తగ్గినను సూక్ష్మజీవి శరీరమున మిగిలియుండవచ్చును. పైకి ఆరోగ్యముగా కనబడు తాబేలు కూడ ముక్కు ముక్కు తాకినపుడు రోగమును ఇతర తాబేళ్ళకు అంటింపగలదు.

మనుష్యులకు సంబంధించిన జాగ్రత్త యొకటి కలదు. తాబేళ్ళ ప్రేగులలో సాల్మొనెల్లా అను బాక్టీరియా ఉండవచ్చును. చిన్నపిల్లలు చిన్న తాబేళ్ళతో ఆడుకొని రోగగ్రస్తులగుచుండుటచేత, 4 అంగుళములకు తక్కువ పొడవు డిప్ప గల తాబేళ్ళను పెంపుడు జంతువులుగా అమ్ముటను అమెరికా ప్రభుత్వము 1975లో నిషేధించినది. తాబేటిని తాకినపిదప సబ్బుతో చేతులు కడుగుకొనుట తప్పనిసరి.

ఇక నాలుగవ దయ, జతచేయుట. ఎడారి తాబేలు ఒంటరిగా తిరుగు జంతువు. ఒంటరితనము దానికి శిక్ష కాదు. రెండు మగ తాబేళ్ళను ఒకే పెరటిలో ఉంచిన అవి పోరాడును. మగదాని మెడ క్రింద అడుగు డిప్ప ముందునకు కొమ్మువలె పొడుచుకొనియుండును. దానితో ఒకటి రెండవదానిని వెల్లకిల పడవేయును. వెల్లకిల పడినది తిరిగి లేవలేకపోయినచో ఎండలో చచ్చును. మగదానిని ఆడుదానిని కలిపి ఉంచిన మగది ఆడుదానిని విడువక వేధించును.

సంతానపు చిక్కు ఇంకను పెద్దది. ఆడుతాబేలు తడవకు సాధారణముగా 4 నుండి 8 గ్రుడ్లు పెట్టి మట్టిలో పూడ్చును. అవి మూడు నాలుగు నెలలకు పగులును. పిల్ల ఆడుదో మగదో నేల వేడిమినిబట్టి నిర్ణయమగును. సుమారు 32 డిగ్రీలకు తక్కువైన మగపిల్లలు, ఎక్కువైన ఆడుపిల్లలు ఎక్కువగా పుట్టును. మగదానితో ఒకసారి కలిసిన ఆడుది కొన్ని సంవత్సరములు వీర్యమును దాచుకొని, మగది లేకయే ఫలవంతమైన గ్రుడ్లు పెట్టగలదు. ఎడారిలో పిల్లలను పక్షులు, నక్కలు, కరవు చాలవరకు హరించును. పెరటిలో ఆ శత్రువులు లేవు. ఒక జంట ఏడాదికి 5 పిల్లలను మాత్రమే బ్రతికించుకొన్నదనుకొన్నను 10 ఏండ్లకు 50 పిల్లలగును. ఒక్కొక్కటి 50 నుండి 80 సంవత్సరములు జీవింపగల జంతువు. వాటికి ఇండ్లెక్కడ దొరకును?

ఈ ప్రశ్నను నెవడా రాష్ట్రము నిజముగా ఎదుర్కొన్నది. లాస్ వేగాస్ సమీపమున ఏర్పడిన ఎడారి తాబేళ్ళ సంరక్షణ కేంద్రమునకు ప్రజలు వదలివేసిన పెంపుడు తాబేళ్ళు వందలకొలది వచ్చిపడుచుండెను. అడవి జంతువుల రక్షణకు ఉద్దేశించిన ధనము, శ్రమ వీటి పోషణకు చెల్లిపోవుచుండెను. నిధులు చాలక 2014లో ఆ కేంద్రము మూతపడెను. ఒక్కొక్కరికి ఒక్కటే అను నియమము అట్టి పరిస్థితులలో పుట్టినదే. ఆరిజోనాలో పెంపుడు ఎడారి తాబేళ్ళకు పిల్లలు పుట్టించుటయే నిషిద్ధము.

ఎడారికి తిరిగి పంపరాదా?

అడవిలో తాబేళ్ళు తగ్గుచున్నవి, పెరళ్ళలో ఎక్కువగుచున్నవి. అట్లయిన పెరటివానిని ఎడారిలో విడిచిన రెండు సమస్యలును తీరవా అని విద్యార్థులకు సందేహము కలుగుట సహజము. ఇది అయిదవ దయ, అన్నిటికంటె హానికరమైనది.

మొదటిది, విడువబడిన తాబేటికే నష్టము. అడవి తాబేలు తాను తిరుగు నేలలో ప్రతి బొరియను, వాననీరు నిలుచు పల్లమును, మేత దొరకు చోటును ఏండ్ల తరబడి నేర్చుకొనును. పెరటి తాబేటికి ఆ జ్ఞానము లేదు. ఎండ ముదురు వేళకు నీడ దొరకనిచో ఒక్క మధ్యాహ్నమే దాని ప్రాణము తీయును. రెండవది, ఎడారిలోని తాబేళ్ళకు నష్టము. 1980 దశాబ్దపు చివర, పశ్చిమ మొహావీలో ఎడారి తాబేళ్ళకై ప్రత్యేకించిన ఆశ్రయ ప్రాంతముననే శ్వాసకోశ వ్యాధి ప్రబలి తాబేళ్ళు అధిక సంఖ్యలో మరణించినవి. విడువబడిన పెంపుడు తాబేళ్ళు ఆ రోగమును వ్యాపింపజేసి యుండవచ్చునని శాస్త్రజ్ఞులు అనుమానించిరి. మూడవది, పెరళ్ళలో వేరువేరు జాతులు కలిసి పుట్టిన సంకర సంతతి యుండవచ్చును. మొహావీ తాబేలును, సోనోరా తాబేలును లక్షల సంవత్సరములుగా వేరువేరు వాన, వేరువేరు నేలలకు అలవాటుపడినవి. అందుచేత వ్యక్తులు తమంతట పెంపుడు తాబేళ్ళను ఎడారిలో విడుచుట చట్టవిరుద్ధము.

కనుక ఎడారి తాబేలు ఎడారిలోనే రక్షింపబడవలెను. దాని నేల, దాని బొరియలు, వసంతమున మొలచు దాని మొక్కలు చెడకుండ కాపాడుటయే ఆ జాతిని కాపాడుట. పెరటిలో నున్న తాబేటికి చేయవలసినది వేరు: దాని ఒడలు ఎరిగిన ఎడారి క్రమమును, అనగా ఎండను, బొరియను, పీచు మేతను, చలినిద్రను, ఒంటరితనమును పెరటిలో అది జీవించినంత కాలము సాగనిచ్చుట. ఆ కాలము పెంచువాని ఆయువును మించవచ్చును. అందువలన దత్తత తీసికొను రోజుననే తన తరువాత దానిని ఎవరు చూచుకొందురో నిశ్చయించుకొనుట వివేకము.

మన ప్రాంతమునకు ఇందులో నేర్చుకొనదగిన పాఠమున్నది. ఆంధ్రదేశపు పొడినేలలయందు, తమిళనాడు, కర్ణాటక, గుజరాతు, రాజస్థాన ప్రాంతములయందు, శ్రీలంకలో నక్షత్ర తాబేలు అను మెట్ట తాబేలు కలదు. దాని డిప్పపై పసుపుపచ్చని చారలు చుక్కల ఆకారమున విరిసియుండును. ఆ అందమే దానికి శత్రువైనది. పెంపుడు జంతువుల దొంగ వ్యాపారమునకై వేలకొలది నక్షత్ర తాబేళ్ళను సంచులలో కుక్కి విదేశములకు తరలించుచు పట్టుబడినవారు ఎందరో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన దేశమున దీనిని పట్టుట, అమ్ముట, ఇంట పెంచుట నేరము. 2019లో అంతర్జాతీయ ఒప్పందము దీని విదేశీ వ్యాపారమును పూర్తిగా నిషేధించినది. ఇల్లు చేరిన నక్షత్ర తాబేలు అదృష్టము తెచ్చునని కొందరు నమ్ముదురు. పొలము గట్టున అట్టి తాబేలు కనబడినపుడు దానిని ఎత్తక, త్రోవ ఇచ్చి, పోనిచ్చుటయే ఉచితము. ఇంటిలో బంధింపబడినది కనబడినచో అటవీశాఖకు తెలుపవలెను. తామే తీసికొనిపోయి తోచిన చోట విడువరాదు. మొహావీ ఎడారిలో నేర్చిన పాఠము రాయలసీమ మెట్టలకును వర్తించును.